చర్చి స్త్రీలకు టీ పార్టీ: దొర్కా థీమ్ పెట్టి చూడండి

సిస్టర్, మీ చర్చి స్త్రీల సమాజానికి మధ్యాహ్నం టీ ఏర్పాటు చేసే పని మీకు అప్పగించారని, వచ్చేవాళ్లలో పెద్ద వయసువాళ్లూ కొత్తగా చేరిన అమ్మాయిలూ ఉన్నారని, ఏ థీమ్ పెట్టాలో తోచడం లేదని రాశారు. మా సమాజంలో ఈ పని చాలాకాలంగా నేనే చూస్తున్నాను. పూలు, గులాబీ రంగు, టోపీలు లాంటివి ఫొటోలకు బాగుంటాయి, కానీ వాటి గురించి రెండు నిమిషాల కంటే ఎవరూ మాట్లాడుకోరు. వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరికే థీమ్ ఎంచుకోండి.

చాలామంది ముందు సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతియైన భార్యను అనుకుంటారు. మంచి వాక్యభాగమే. కానీ భర్త పోయినవాళ్లు, పెళ్లి కానివాళ్లు, ఇంట్లో కష్టం ఉన్నవాళ్లు అదే బల్ల దగ్గర కూర్చుంటారు కదా. వాళ్ల మనసు నొచ్చుకునే అవకాశం ఉంది. అందుకే నేను బైబిల్లో విధవరాండ్రకు బట్టలు కుట్టి ఇచ్చిన దొర్కాను తీసుకుంటాను. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఆమెకు భర్త ఉన్నట్టు గానీ పిల్లలున్నట్టు గానీ ఎక్కడా లేదు. ఆమె చనిపోయినప్పుడు యొప్పేలోని విధవరాండ్రు పేతురు చుట్టూ నిలబడి, ఆమె కుట్టిన బట్టలు చూపిస్తూ ఏడ్చారు. ఆ ఒక్క వచనమే మీ కార్యక్రమం మొత్తాన్నీ నడిపిస్తుంది. 19వ శతాబ్దంలో పేదవాళ్లకు బట్టలు కుట్టి ఇచ్చే దొర్కాస్ సొసైటీలు చర్చిల్లో పుట్టింది కూడా ఈమె పేరు మీదే.

తమకోసం ఎవరైనా చేత్తో కుట్టినదో అల్లినదో ఒకటి తెమ్మని అందరికీ చెప్పండి. మా దగ్గర ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని, ఆరాధన అవ్వగానే వెళ్లిపోయే ఒక అక్క ఉండేది. ఆమె ఒక చిన్నపిల్లల స్వెటర్ తెచ్చింది. ముదురు నీలం రంగు, ఒక మోచేతి దగ్గర మాత్రం బూడిదరంగు ఊలుతో రఫ్ఫు చేసి ఉంది. అసలు ఊలు అయిపోతే వాళ్ల వదిన తన శాలువా అంచు విప్పి, ఆ దారంతో బాగు చేసిందట. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆ మోచేతిని పట్టుకుని చూశారు. ఒక పెద్దావిడ కుట్టు తిరగేసి చూసి, "ముడి కనిపించకుండా వేసిందమ్మా, పనిమంతురాలు" అంది. ఆ తర్వాత ఆ అక్క వాళ్ల వదిన గురించి చాలాసేపు చెప్పింది. అంతకుముందు ఆమె గొంతు మేమెవరం సరిగ్గా వినలేదు.

కూర్చోబెట్టే విషయంలో కాస్త ముందుచూపు కావాలి. వదిలేస్తే ఎవరి గుంపు వాళ్లదే. బైబిల్లోని జంట పేర్లతో కార్డులు రాయండి: రూతు–నయోమి, ఎలీసబెతు–మరియ, లోయి–యునీకే, షిఫ్రా–పూయా. జంటలో ఒక పేరు పెద్దవాళ్లకు, రెండోది చిన్నవాళ్లకు ఇవ్వండి. తమ జంటను వెతుక్కుని పక్కపక్కన కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను మాత్రం తిప్పకండి, వాళ్లను కూర్చోబెట్టి చిన్నవాళ్లనే వెతుక్కుంటూ రమ్మనండి.

తినుబండారాలు తక్కువే చాలు. భోజనానికీ భోజనానికీ మధ్య ఆకలి తీర్చుకోవడానికి 1840 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో మొదలైన అలవాటు ఇది, విందు కాదు. సాండ్‌విచ్‌లు, స్కోన్లు (బన్ను లాంటి చిన్న బేకరీ తినుబండారాలు), ఒక కేకు ఉంటే సరిపోతుంది. కీరదోస సాండ్‌విచ్ చేస్తే ముక్కలకు ఉప్పు చల్లి, ఊరిన నీరు వంపేసి, బట్టతో అద్దండి. బ్రెడ్డుకు అంచుల దాకా వెన్న రాస్తే తడి లోపలికి దిగదు. వడ్డించేదాకా కొంచెం తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచండి. నట్స్ పడనివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఎవరో ముందే కనుక్కోండి.

టీ మాత్రం శ్రద్ధగా చేయండి. కప్పుకు ఒక టీస్పూను ఆకు, మరుగుతున్న నీళ్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు, అంతే. ఆ తర్వాత ఆకు తీసేయాలి, లేకపోతే రెండో కప్పు చేదెక్కుతుంది. ఒకే పెద్ద గిన్నెలో అందరికీ కాయడం కంటే బల్లకో టీపాట్ పెట్టడం మంచిది. ఒకరికొకరు పోసుకుంటుంటే మాటలు వాటంతటవే కలుస్తాయి. పాలు, పంచదార విడిగా పెట్టండి. సాయంత్రం టీ తాగితే నిద్రపట్టని పెద్దవాళ్లకు కెఫీన్ లేనిది ఒకటి ఉంచండి.

వాక్యం పది నిమిషాలు మించనివ్వకండి, మొత్తం కార్యక్రమం రెండు గంటల్లో ముగించండి. చివరి అరగంట బల్లల మీద సూదులు, దారాలు, బొత్తాలు పెడితే పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నేర్పుతారు. మా దగ్గర ఆ అరగంటలో మొదలైన ఊలు టోపీల పని ఇప్పటికీ నడుస్తోంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం ఆస్పత్రికి ఇస్తాం. మీరూ అలా ఇవ్వాలనుకుంటే ఏ ఊలు, ఏ కొలతలు కావాలో ఆస్పత్రిలో నర్సులను ముందే అడగండి.

గిన్నెలు కడిగే పని చర్చిలోని మగవాళ్లకు అప్పగించండి. అడిగితే సంతోషంగా చేస్తారు, మీరూ కూర్చుని టీ తాగగలుగుతారు. ఇక ఆహ్వానంలో ఈ మాట తప్పకుండా రాయండి: "చేత్తో కుట్టినదో అల్లినదో మీ దగ్గర లేకపోయినా ఫర్వాలేదు, ఒట్టి చేతులతో రండి." ఏమీ లేవని మొహమాటపడి ఆగిపోయేవాళ్లు నిజంగా ఉంటారు. వాళ్లకు వీలైతే ఫోన్ చేసి మీరే పిలవండి.