గంజాయి బాకీ అంటూ కొట్టి బెదిరిస్తున్నారు: ఫిర్యాదు చేస్తే మా అబ్బాయి మీదే కేసు పెడతారా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా అబ్బాయికి 19 ఏళ్లు. విజయవాడలో గది తీసుకుని ఇంజినీరింగ్ చదువుతున్నాడు. గంజాయికి అలవాటు పడ్డాడని ఈ మధ్యే తెలిసింది. అరువుకు తెచ్చుకున్న పొట్లాలకు వడ్డీతో కలిపి 18,000 రూపాయలు ఇవ్వాలంటూ ఇద్దరు గదికి వచ్చి కర్రతో కొట్టారు. భయపడి 5,000 ఫోన్‌పే చేశాను. మిగతాది ఇవ్వకపోతే చెయ్యి నరుకుతామని ఫోన్లు చేస్తున్నారు. పాడేరు వైపు వెళ్లి ఒక బ్యాగు తెచ్చిస్తే బాకీ కొట్టేస్తామంటున్నారట. పోలీసుల దగ్గరకు వెళితే మావాడే ఇరుక్కుంటాడని బంధువులు ఆపుతున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు, ఆ బ్యాగు కోసం మీ అబ్బాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లనివ్వకండి. ఈ రోజు వరకు అతను వ్యసనంలో పడి దెబ్బలు తిన్న కుర్రవాడు. ఆ బ్యాగు చేతికి తీసుకుంటే గంజాయి రవాణా కేసులో ముద్దాయి. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్ల కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి. పైగా 37వ సెక్షన్ కారణంగా బెయిలు దొరకడం చాలా కష్టం. బెదిరించి పంపారన్న వాదన కూడా అంత తేలిగ్గా నిలవదు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతి)లోని 32వ సెక్షన్ అప్పటికప్పుడే ప్రాణం పోతుందన్న భయంతో చేసిన పనికే రక్షణ ఇస్తుంది తప్ప, తర్వాత కొడతారేమోనన్న భయానికి ఇవ్వదు. సరుకు కదిలే దారిలో హింస కూడా ఉంటుంది: 2021 అక్టోబరులో లంబసింగి ప్రాంతంలో గంజాయి ముఠా తమపై దాడికి దిగడంతో నల్లగొండ పోలీసులు కాల్పులు జరిపారు.

ఇక బాకీ సంగతి. చట్టం దృష్టిలో అది బాకీయే కాదు. చట్టవిరుద్ధమైన వస్తువు కోసం కుదిరిన ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. గంజాయి అమ్మినవాడు కోర్టులో దావా వేయలేడు, లాయరు నోటీసు పంపలేడు, పెద్దమనుషుల్లో పంచాయితీ పెట్టలేడు. అందుకే ఆ వ్యాపారంలో వసూలుకు కర్రా కత్తీ దిగుతాయి. ఒకడు ఎగ్గొట్టి నిలబడితే మిగిలినవాళ్లూ ఎగ్గొడతారన్న భయం కొద్దీ చిన్న మొత్తానికి కూడా అందరికీ తెలిసేలా కొడతారు. కాబట్టి మిగతా 13,000 కట్టేస్తే పీడ విరగడవుతుందని అనుకోకండి. అడిగితే ఇచ్చే ఇల్లు ఇదని మీరు పంపిన 5,000తోనే వాళ్లకు తెలిసిపోయింది.

వాళ్లు చేసినది భారతీయ న్యాయ సంహితలోని 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు. తీవ్రంగా గాయపరుస్తామని భయపెట్టి డబ్బు తీసుకుంటే శిక్ష 10 ఏళ్ల దాకా ఉంటుంది. కొట్టినందుకు, చంపుతామనో నరుకుతామనో బెదిరించినందుకు వేరే సెక్షన్లు కలుస్తాయి. గంజాయి అమ్మకం కేసు కూడా రుజువైతే, నేరస్థుడు హింసకు దిగడం లేదా దిగుతానని బెదిరించడం అన్నది కనీస శిక్షకు మించి వేయడానికి కోర్టు లెక్కలోకి తీసుకోదగిన కారణమని ఎన్‌డీపీఎస్ చట్టం 32బి సెక్షన్ చెబుతోంది.

మీ బంధువుల భయం పూర్తిగా నిరాధారమని నేను అనను. గంజాయి తాగడం ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ కింద నేరమే. ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. అయితే అదే చట్టంలోని 64ఎ సెక్షన్ మీలాంటివారి కోసమే ఉంది. ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో స్వచ్ఛందంగా వ్యసన విముక్తి చికిత్సకు ముందుకు వచ్చిన వ్యసనపరుడిని, వాడకానికి గానీ స్వల్ప పరిమాణానికి (గంజాయి విషయంలో కిలో వరకు) సంబంధించిన నేరానికి గానీ, ప్రాసిక్యూట్ చేయరాదని అది చెబుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఈ రక్షణను ఉపసంహరించవచ్చు. అందుకే స్టేషను కంటే ముందు ఆసుపత్రికి వెళ్లమంటున్నాను. ఏ కేంద్రానికి వెళ్లాలో వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు. చేర్చుకున్న తేదీతో ఉన్న కాగితాన్ని భద్రంగా దాచండి. గదిలో పొట్లాలేమైనా మిగిలాయేమో, అతను ఎవరికైనా అమ్మిపెట్టాడేమో మీ న్యాయవాదికి దాచకుండా చెప్పండి, ఎందుకంటే సలహా అంతా దాని మీదే ఆధారపడుతుంది.

దెబ్బలకు ప్రభుత్వాసుపత్రిలో చూపించి, ఎవరో కొట్టారని డాక్టరుకు చెబితే మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయాల్సిన గాయాల కేసుగా) నమోదు చేస్తారు. జారిపడ్డానని చెబితే ఆ మాటే రేపు ముద్దాయిల చేతిలో ఆయుధమవుతుంది. ఫోన్‌లో వాట్సాప్ వాయిస్ మెసేజీలు, కాల్ రికార్డులు, ఫోన్‌పే చెల్లింపు వివరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. అబ్బాయి పరువు పోతుందని చాటింగులు చెరిపేసే తల్లిదండ్రులు తమ సాక్ష్యాన్ని తామే పోగొట్టుకుంటున్నారు. ఫిర్యాదులో దీన్ని చేబదులు తగాదాగా రాయించే అలవాటూ ఉంది. దయచేసి ఆ పని చేయకండి. అబద్ధపు కారణం మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే విరిగిపోతుంది, దానితోపాటు కొట్టారన్న నిజాన్నీ కోర్టు నమ్మదు.

ఫిర్యాదును ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్‌గా ఇవ్వవచ్చు, కాబట్టి గుంటూరు వైపు మీకు దగ్గరలోని స్టేషనుకే వెళ్లండి. తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) కింద జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. ఆ తర్వాతి మెట్టు మేజిస్ట్రేటు కోర్టు. అమ్మకందారుల గురించిన సమాచారాన్ని ఆంధ్రప్రదేశ్‌లో మాదకద్రవ్యాల కట్టడికి ఉన్న ఈగల్ పోలీసు విభాగానికి 1972 నంబరులో చెప్పవచ్చు. నేరం గురించిన సమాచారం తనకు ఎవరి ద్వారా అందిందో చెప్పమని అధికారిని ఎవరూ బలవంతపెట్టలేరని ఎన్‌డీపీఎస్ చట్టం 68వ సెక్షన్ అంటోంది. కేసు నమోదైన తర్వాత కూడా బెదిరింపులు ఆగకపోతే, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ముప్పు ఎంతుందో పోలీసులతో నివేదిక తెప్పించుకుని కమిటీ రక్షణకు ఉత్తర్వులిస్తుంది. అప్పటిదాకా అబ్బాయిని ఆ గదికి ఒంటరిగా పంపకండి. పుస్తకాలు, బట్టలు తెచ్చుకోవడానికి కూడా పెద్దవాళ్లెవరైనా తోడు వెళ్లండి.