కాటన్ దొర వంశం వెతుకుతూ నేను దారి తప్పిన చోట్లు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజుల్లో మీ పూర్వీకులొకరు ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర గుమస్తాగా చేశారట, ఆ దొర తాలూకు వాళ్ళని ఎలా వెతకాలని అడిగారు. ఇలాంటి పనే నేను కాటన్ దొర విషయంలో రెండేళ్ళు, సెలవురోజుల్లో కూర్చుని చేశాను. నేనేమీ చరిత్రకారుణ్ణి కాదు. మాది గోదావరి కాలువ నీళ్ళు తాగిన ఊరు. మా తాతగారు స్నానం చేస్తూ ‘నిత్య గోదావరీ స్నాన పుణ్యదో’ అని కాటన్ మీద ఉన్న శ్లోకం చదివేవారు. ఆయనతో మాకున్న చుట్టరికం అంతే.

అన్నిటికంటే ముందు, ఇంటిపేరు పట్టుకుని పరుగెత్తకండి. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు కలిస్తే మనవాళ్ళు గోత్రం అడిగి తేల్చుకుంటారు. ఇంగ్లీషు వాళ్ళకి ఆ సౌకర్యం లేదు. నాకు ఇంటర్నెట్‌లో ఎవరో కట్టిన వంశవృక్షం ఒకటి దొరికింది. అందులో 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్‌ను మన ఆర్థర్ కాటన్ కొడుకుగా చూపించారు. నమ్మడానికి అన్నీ కుదిరాయి కూడా. హెన్రీ పుట్టింది 1845లో, కుంభకోణంలో. ఆర్థర్ అంతకుముందు కావేరి, కొల్లిడం మీద ఆనకట్టలు కట్టిన తంజావూరు ప్రాంతమే అది. పైగా ఆర్థర్ తండ్రి పేరూ హెన్రీయే, కాబట్టి మనవడికి తాత పేరు పెట్టారనుకున్నాను. సంబరపడి మా బంధువులందరికీ వాట్సాప్‌లో పంపాను కూడా. తీరా చూస్తే ఆ హెన్రీ తండ్రి జోసెఫ్ జాన్ కాటన్ అనే మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. వాళ్ళది ఈస్టిండియా కంపెనీ డైరెక్టరుగా చేసిన జోసెఫ్ కాటన్ వంశం. మన ఆర్థర్‌ది ఇంగ్లండులో చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్‌ల వంశం. రెండు వారాల శ్రమ, పైగా బంధువుల ముందు పరువు, రెండూ పోయాయి.

ఇక అసలు దారికొస్తాను. కంపెనీ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని చర్చిలు తమ దగ్గర జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు రాయించి లండన్ పంపేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల కింద ఉన్నాయి. వాటికి లైబ్రరీ వాళ్ళు వేసిన గుర్తుల్లో ఎన్ బై 1 (N/1) అంటే బెంగాల్, ఎన్ బై 2 మద్రాసు, ఎన్ బై 3 బొంబాయి. మీకు కావలసింది ఎన్ బై 2. వీటిలో చాలా భాగం ఫైండ్‌మైపాస్ట్ సైటులో డబ్బు కట్టి చూడొచ్చు. కట్టే ముందు ఫిబిస్ అనే సంఘం వాళ్ళ డేటాబేసులో ఉచితంగా వెతకండి. బ్రిటిష్ ఇండియాలో బతికిన కుటుంబాల కోసమే 1998లో పెట్టిన సంఘం అది. సగం పని అక్కడే అయిపోతుంది.

ఒక బాప్తిస్మం పేజీ మొదటిసారి తెరిచినప్పుడు నాకు చెమటలు పట్టాయి. గడులు గీసిన పట్టిక, ఒకే దస్తూరీలో పేజీలకు పేజీలు. పిల్లవాడి పేరు ఇంత పెద్దగా రాసి, తల్లి పేరు మాత్రం మూలకి ఇరికించి ఉంటుంది. మీరు ఆ మూలనున్న పేరే జాగ్రత్తగా చదవండి. మగవాళ్ళ సంగతి ఉద్యోగ కాగితాల్లో ఎలాగూ దొరుకుతుంది. సైన్యంలోకి, ఇంజనీర్లలోకి కుర్రవాడిగా చేరినప్పుడు ఇచ్చిన క్యాడెట్ కాగితాలు కూడా అదే లైబ్రరీలో ఉన్నాయి. వాటితోపాటు బాప్తిస్మం సర్టిఫికెట్టు జతచేయాలి కాబట్టి పుట్టిన ఊరు తెలుస్తుంది. అది తెలిస్తే ఇంగ్లండులోని ఆ చర్చి రిజిస్టరు దాకా వెళ్ళిపోవచ్చు. ఆడవాళ్ళ దగ్గరే దారి తెగుతుంది.

కాటన్ కూతురి సంగతే చూడండి. ఆమె బాప్తిస్మం కోసం మద్రాసు రికార్డులు నెలరోజులు వెతికాను, దొరకలేదు. దొరికేదీ కాదు. ఒంట్లో బాగోలేక సెలవు పెట్టి కాటన్ టాస్మేనియా వెళ్ళాడు. అక్కడే 1841లో ఎలిజబెత్ లెర్మాంత్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1842 డిసెంబరులో కూతురు పుట్టింది కూడా అక్కడే. ఉద్యోగం మద్రాసులో కదా, పిల్లలూ మద్రాసులోనే పుట్టి ఉంటారన్న నా లెక్క తప్పింది. మీ దొర రికార్డులో సెలవు కనిపిస్తే ఎక్కడికి వెళ్ళాడో తప్పకుండా చూడండి. కేప్ టౌన్, టాస్మేనియా, నీలగిరి కొండలు, ఏదైనా కావచ్చు.

ఆ కూతురు కూడా ఎలిజబెత్తే. తల్లీకూతుళ్ళకి ఒకే పేరు, అదొక తలనొప్పి. 1877లో అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ను పెళ్ళాడి లేడీ హోప్ అయింది. ఆయన పోయాక 1893లో డెన్నీ అనే వ్యాపారిని చేసుకుంది. 1922లో సిడ్నీలో చనిపోయింది. కాటన్ అనే పేరుతో వెతికితే 1877 తర్వాత ఆమె మాయమైపోతుంది. డార్విన్ చివరి రోజుల్లో దేవుణ్ణి నమ్మాడని ప్రచారం చేసినావిడ ఈమే, దాన్ని డార్విన్ పిల్లలు ఖండించారు. అదే చేత్తో తండ్రి జీవితచరిత్ర కూడా రాసింది, 1900లో అచ్చయింది. కుటుంబ వివరాలకి అది బాగా ఉపయోగపడింది కానీ కూతురు రాసిన పుస్తకమని గుర్తుపెట్టుకుని చదవాలి.

హైదరాబాదు వైపు అధికారులైతే ఇంకో చిక్కు. నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా ఉన్న రెసిడెంటు కిర్క్‌పాట్రిక్‌కు ఖైరున్నీసా వల్ల కలిగిన పిల్లలు ఇక్కడ సాహెబ్ ఆలం, నూరున్నీసా. 1806లో లండన్‌లో బాప్తిస్మం ఇప్పించాక విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయ్యారు. ఆ ఒక్క పేజీ తెలియకపోతే ఇక్కడి పిల్లలూ అక్కడి పిల్లలూ ఒకరేనని ఎవరికి తడుతుంది? చాలామంది అధికారుల విషయంలో తల్లి పేరు రిజిస్టరులో రానే రాదు. అలాంటప్పుడు దొర వీలునామా చూడండి. రిజిస్టరులో రాయనిది డబ్బు పంచేటప్పుడు ఒక్కోసారి రాస్తారు.

ఇంగ్లండు తిరిగి వెళ్ళిన తర్వాత సంగతులు తేలిక. 1858 నుంచి అక్కడ వీలునామాల సూచిక ఏటా వరసగా ఉంది. పదేళ్ళకోసారి జనాభా లెక్కల్లో ఇంట్లో ఎవరెవరున్నారో, ఎక్కడ పుట్టారో కనిపిస్తుంది. 1921 దాకా చూడొచ్చు. 1931వి తగలబడిపోయాయి. ఆ తర్వాతి తరాల దగ్గర నేను ఆగిపోయాను. బతికున్నవాళ్ళ అడ్రసులు వెతికి తలుపు తట్టడం నాకు ఇష్టంలేదు.

మీ దొర పేరు మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎలా పలికేవారో అలాగే ఇక్కడ కామెంటులో రాయండి, ఇంగ్లీషులోకి మార్చకండి. కాటన్ దగ్గర పనిచేసిన ఆర్ అనే ఇంజనీరు పేరు ఇంగ్లీషులో ‘ఓ’తో మొదలవుతుందని తెలియక నేను అక్షరమాలలో మొదటి పేజీలన్నీ తిరగేశాను.