ఆ డబ్బా ఇప్పుడే ఖాళీ చేయకు

ఒరేయ్ చిన్నా,

దుబాయ్ నుంచి నీ ఫ్రెండ్ సిగార్ల డబ్బా తెచ్చాడని, డాబా మీద కూర్చుని ఒకటి వెలిగించి దగ్గలేక చచ్చావని అక్క నిన్న ఫోన్‌లో చెప్పింది, బాగా తిట్టమంది కూడా. ముప్పై ఏళ్లుగా కాలుస్తున్న నాకు తిట్టే మొహం ఎక్కడిది? ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, సిగరెట్ కంటే సిగార్ నయమని ఎవడన్నా అంటే నమ్మకు, నోటి క్యాన్సర్ దీనితోనూ వస్తుంది. అసలు జోలికి పోకపోతే ఇంకా సంతోషం. నువ్వు వినవు కాబట్టి రాస్తున్నా.

మిగిలిన వాటిలో ఒకటి తీసి వాసన చూడు. పశువుల కొట్టంలా ఘాటుగా ఉంటే అది అమ్మోనియా. పొగాకు ఆరాక కుప్పలు పేర్చి పులియబెడతారు, ఆ కుప్పలో పుట్టే వేడికి అమ్మోనియా చాలావరకు పోతుంది, తర్వాత బేళ్లు కట్టి నెలలూ ఏళ్లూ మాగబెడతారు. తీరా చుట్టేటప్పుడు ఆకు విరక్కుండా మళ్లీ తడి చేస్తారు కదా, దాంతో ఆ ఘాటు కొంత తిరిగి లేస్తుంది. అందుకే చుట్టాక కూడా కొన్నాళ్లు కదపకుండా ఉంచుతారు. బిర్యానీకి పాత బాస్మతే ఎందుకు కొంటాం, ఇదీ అంతే. మా తాతకి ఇదంతా ఎవరూ చెప్పలేదు గానీ, లంక పొగాకు చుట్టల కట్ట కొత్తది రాగానే దాన్ని పక్కన పడేసి పాత కట్టే విప్పేవాడు. అలాగని ఏళ్ల తరబడి దాచకు, తేలికపాటివైతే చప్పబడిపోతాయి.

దాచడమే మన హైదరాబాద్‌లో తలనొప్పి. వాటికి కావాల్సింది 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల చల్లదనం. మన మే నెల సంగతి నీకు తెలుసు. ఒక ఎండాకాలం నేను పాతిక సిగార్ల పెట్టె బీరువాలో పెట్టి ఊరెళ్లి వచ్చా. తెరిస్తే పై ఆకు మీద సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లులు, అడుగున గోధుమరంగు పొడి, ఆ పొడిలో నువ్వుగింజ కంటే చిన్న పురుగొకటి నింపాదిగా నడుస్తోంది! గుడ్లు ఆకులోనే ఉంటాయట, పాతిక డిగ్రీలు దాటితే పొదుగుతాయి. మొత్తం చెత్తబుట్టలోకి. అప్పటి నుంచీ కొత్తవి రాగానే జిప్‌లాక్ కవర్లో మూడు నాలుగు రోజులు ఫ్రీజర్లో, ఒక రోజు కింద ఫ్రిజ్‌లో పెట్టి తీస్తా (మీ అత్త గొణుగుడు మామూలే). ఖరీదైన చెక్కపెట్టె నీకు అక్కర్లేదు, బేగంబజార్లో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొని, లోపల 65 శాతం తేమ నిలిపే ప్యాకెట్ పడేసి, ఇంట్లో చల్లగా ఉండే మూల పెట్టు. గిన్నెలో నల్లా నీళ్లు మాత్రం పెట్టకు, బూజు పడుతుంది.

ఇక కాల్చడం. ఖాళీ కడుపుతో వద్దు, అన్నం తిన్నాక, పక్కన ఇరానీ చాయ్ పెట్టుకుని కూర్చో. తల తిరిగితే పక్కన పెట్టేసి చెంచాడు పంచదార నోట్లో వేసుకో. మూసి ఉన్న కొసని రెండు మిల్లీమీటర్లు కోస్తే చాలు, ఎక్కువ కోస్తే పై ఆకు విప్పుకుంటుంది. మంట తగలకుండా, సెగ మాత్రమే తగిలేలా తిప్పుతూ రెండో కొస అంచు కాల్చి తర్వాత వెలిగించు. పొగ మింగకు, నువ్వు దగ్గింది అందుకే, సిగరెట్‌లా గుండెల్లోకి లాగావు. నోట్లో తిప్పి వదిలేయడమే. నిమిషానికి ఒక్క దమ్ము, అంతకంటే తొందరపడితే వేడెక్కి చేదెక్కుతుంది. చివరి భాగం ఘాటెక్కాక పీల్చి పీల్చి చావకు, పళ్లెంలో వదిలెయ్, దానంతటదే ఆరిపోతుంది.

మిగతావి దసరా దాకా ముట్టుకోకు. అప్పుడు నేనొస్తా, కట్టర్ నేను తెస్తా, పంటితో కొరికి పాడుచేయకు.

మీ మావయ్య