ఏడాది సరుకు లాభం వడ్డీకే పోతుంటే

ప్రశ్న: మాది గుంటూరు. మా వారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తారు, జీతం 34 వేలు. బాబుకి 11 ఏళ్ళు, పాపకి 7. ఇంట్లో ఒక్క గింజ కూడా పారేయను. కారం, పసుపు, పొడులు, పచ్చళ్ళు అన్నీ ఇంట్లోనే. బీరపొట్టుతో పచ్చడి చేస్తాను, పాత చీరలతో బొంతలు, చేతిసంచులు తొక్కుడు మెషిన్ మీద కుడతాను. మార్చిలో 18 వేలు పెట్టి ఏడాది సరుకు వేసుకుంటాం. విడిగా కొనేదానికంటే 2,500 దాకా కలిసొస్తుంది. ఆ 18 వేలు, జూన్‌లో పిల్లల ఫీజుకి 30 వేలు తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తాం. వడ్డీ నెలనెలా కట్టి, అసలు డిసెంబరులో చీటీ డబ్బు రాగానే తీర్చేస్తాం. చీటీ మా వీధిలోవాళ్ళు నడిపేదే, నెలకు 4 వేలు. ఈసారీ తీర్చేశాం, చేతిలో ఏమీ మిగల్లేదు. ఇంత జాగ్రత్తగా ఉన్నా ఎందుకిలా? కుట్టుపని పెంచుకుందామని 24 వేల మెషిన్ వాయిదాల మీద తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఇంట్లో దుబారా ఎక్కడా లేదు. వంటింట్లో ఇంకా బిగించమని నేను చెప్పను. పిల్లలకి పెట్టే పాలు, గుడ్లు, పండ్లలో ఒక్క రూపాయి కూడా తగ్గించకండి. మీకు డబ్బు చాలకపోవడం కాదు, వేళకు చేతికి అందకపోవడమే అసలు చిక్కు. ఖర్చేమో మార్చిలో, జూన్‌లో వస్తోంది. కూడబెట్టింది డిసెంబరులో వస్తోంది. ఈ మధ్య నెలలకి మీరు వడ్డీ కడుతున్నారు.

ఆ వడ్డీ ఎంతో ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. సరుకు కోసం తెచ్చిన 18 వేలకి నెలకు 360, తొమ్మిది నెలలకి 3,240 రూపాయలు. సరుకులో మీకు కలిసొచ్చింది 2,500. అంటే ఎండలో నిలబడి బేరమాడి, ఎండబెట్టి, చెరిగి, మర పట్టించి మీరు పడిన కష్టమంతా పోను ఇంకో 740 రూపాయలు ఎదురు ఇచ్చుకుంటున్నారు. ఫీజు తాలూకు 30 వేలకి ఆరు నెలల వడ్డీ మరో 3,600. రెండూ కలిపి ఏడాదికి 6,840 రూపాయలు. నెలకు 360, 600 అని విడివిడిగా ఇస్తున్నారు కాబట్టి పెద్దగా అనిపించడం లేదు.

ఇప్పుడు అప్పు తీరిపోయి ఉన్నారు కదా, ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఈ జనవరి నుంచి మళ్ళీ చీటీలో చేరకండి. 1982 చిట్ ఫండ్ల చట్టం ప్రకారం రిజిస్టర్ కాని చీటీలో ఎవరైనా ఎగ్గొడితే మీ డబ్బుకి దిక్కుండదు. అదొక్కటే కాదు, డబ్బు మీకు కావలసిన నెలలో రాదు. ఆ 4 వేలే మీ పేర పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడిన రోజే వేసేయండి. ఆ ఖాతాని ఫోన్‌పేకి కలపొద్దు.

జనవరి, ఫిబ్రవరి, మార్చి కలిపి 12 వేలవుతాయి. ఈ మార్చిలో సరుకుకి 7 వేలు మించకండి, 5 వేలు మిగులుతాయి. జూన్‌కి అవి 17 వేలు. ఫీజు జూన్‌లో సగం, అక్టోబరులో సగం కడతామని స్కూల్లో ఇప్పుడే మాట్లాడండి. చాలా స్కూళ్ళు టర్ముల లెక్కన తీసుకుంటాయి, అడగడానికి మొహమాటపడొద్దు. జూన్‌లో 15 వేలు కట్టాక 2 వేలుంటాయి. అక్టోబరుకి 18 వేలై, రెండో సగం కూడా తేలిగ్గా కట్టేస్తారు. వచ్చే ఏడాది మార్చికి ఖాతాలో 23 వేలుంటాయి. అప్పుడు మీ 18 వేల సరుకు మొత్తం సొంత డబ్బుతో వేసుకోండి, ఆ 2,500 లాభం నిజంగా మీదవుతుంది. స్కూలువాళ్ళు ఒప్పుకోకపోతే జూన్‌లో తగ్గేది 13 వేలే. దానికి బ్యాంకులో గొలుసు పెట్టి తీసుకోండి. నూటికి నెలకు రూపాయి లోపు వడ్డీతో పోతుంది.

మరి ఈ మార్చిలో ఆ 7 వేలతో ఏం కొనాలి? మిర్చి, చింతపండు, పసుపు, ఆవకాయ సామాను. అంతే. కందిపప్పు, మినప్పప్పు ఈ ఒక్క ఏడాదికి నెలనెలా తెచ్చుకోండి. వానాకాలంలో పురుగు పట్టిందంటే కలిసొచ్చిందంతా చేటలో చెరిగి పారబోయడమే. మిర్చి మాత్రం కొత్త పంట మిర్చి యార్డుకి జోరుగా వచ్చే రోజుల్లోనే తీసుకోవాలి, గుంటూరులో ఉండి ప్యాకెట్ కారం కొనడానికి నాకు మనసొప్పదు. కాయ ఊపితే లోపల గింజ గలగలలాడాలి. తాలు, అంటే రంగు పోయి తెల్లబారిన కాయలు, కలిసి ఉంటే రూపాయి తక్కువన్నా వద్దనండి, రంగూ రుచీ రెండూ పోతాయి. కూరలకి 334 రకం చాలు, తేజ రకం ఘాటు పిల్లలు తట్టుకోలేరు. రెండెండలు పెట్టి తొడిమలు తీసి మరకి పంపండి. మర నుంచి వచ్చిన కారం పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి, వేడి మీద పోస్తే చెమ్మ పట్టి ముద్ద కడుతుంది. పసుపు కొమ్ములకి దుగ్గిరాల పక్కనే ఉంది.

బీరపొట్టు పచ్చడి సంగతికి వస్తాను. పొట్టు చెంచా నూనెలో తడి ఆరేదాకా వేయించి, ఎండుమిర్చి, మినప్పప్పు, చింతపండుతో నూరితే ఒక పూట గడిచిపోతుంది. మంచి అలవాటు. కాకపోతే ఆ పూట కూర కొనకుండా మిగిలిన 30, 40 రూపాయలు ఎక్కడున్నాయి? పర్సులోనే ఉంటే సాయంత్రానికి ఇంకో దేనికో అయిపోతాయి. ఆ రోజే తీసి ఒక డబ్బాలో వేయండి, నెలాఖరున ఆ వేరే ఖాతాలోకి పంపండి.

ఇక వడ్డీ కింద పోయే 6,840 రూపాయలు. పాపకి పదేళ్ళు నిండలేదు కాబట్టి పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవొచ్చు. నెలకు 500 వేయండి. 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతం అయింది, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. ఇదే వడ్డీ కొనసాగితే 15 ఏళ్ళలో మీరు వేసే 90 వేలు, ఖాతా తెరిచిన 21 ఏళ్ళకి రెండున్నర లక్షలు దాటతాయి. పాపకి 18 నిండాక చదువుకి సగం దాకా తీసుకోవచ్చు. ఈ 6 వేలు పోగా మిగిలినదాంట్లోంచి, ఈ వారమే, మీవారి బ్యాంకులో రెండు బీమాలు చేయించండి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి అనే జీవిత బీమాకి ఏడాదికి 436, సురక్షా బీమా అనే ప్రమాద బీమాకి 20. మొదటిదాంట్లో చేరడానికి వయసు 50 లోపు ఉండాలి. ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో 456 రూపాయలకి ఇంతకంటే అవసరమైన ఖర్చు నాకు కనిపించడం లేదు. నిజానికి ఇది చాలదు, టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్ళకి పెద్ద మొత్తం ఇచ్చే జీవిత బీమా, కూడా కావాలి. ఖాతా కుదురుకున్నాక దాని గురించి మళ్ళీ రాయండి.

మెషిన్ ఇప్పుడు వద్దు. అప్పు నుంచి బయటపడిన నెలలోనే వాయిదా మొదలుపెడితే పైన చెప్పిన లెక్కంతా తప్పుతుంది. ఉన్న తొక్కుడు మెషిన్‌కే మోటారు బిగించుకోండి, కొత్తదాని ధరలో చిన్న వంతుతో అయిపోతుంది. ముందు ఈ పెళ్ళిళ్ళ సీజన్‌లో వీధిలోవాళ్ళ చీరలకి ఫాల్ కుట్టి చూడండి. దారం, ఫాల్ గుడ్డ, కరెంటు ఖర్చు ఒక నోటుబుక్‌లో రాసుకోండి, మీ గంటలు కూడా రాయండి. ఆరు నెలలు వరసగా ఖర్చులు పోను 2 వేలు మిగిలితే, ఆ మిగిలిన డబ్బుతోనే మెషిన్ కొనండి.