అమ్మకి మైలోమా, స్టేజ్ 3 అన్నారు: ఆఖరి దశేనా?

మీరు అడిగినవి మూడు: ఇది ఎముకల క్యాన్సరా, స్టేజ్ 3 అంటే ఆఖరి దశేనా, ట్రాన్స్‌ప్లాంట్‌కి మారో (ఎముకల లోపలి మజ్జ) ఎవరివ్వాలి అని. నేను డాక్టర్ని కాదు. 2021లో మా నాన్నకి ఇదే వచ్చింది, ఆ ఫైలు చంకలో పెట్టుకుని తిరిగిన అనుభవంతో చెబుతున్నా.

ముందు స్టేజ్ సంగతి, ఎందుకంటే ఆ మాట విన్న రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మైలోమాలో ఐఎస్ఎస్ (అంతర్జాతీయ స్టేజింగ్ పద్ధతి) స్టేజ్ అంటే జబ్బు ఒంట్లో ఎంత దూరం పాకిందన్న లెక్క కాదండీ. బీటా 2 మైక్రోగ్లోబ్యులిన్, ఆల్బుమిన్ అనే రెండు రక్త పరీక్షలు చూసి వేస్తారు. మొదటిది 5.5కి చేరితే చాలు, స్టేజ్ 3 అని రాసేస్తారు. కిడ్నీలు దెబ్బతిన్నా అది పెరుగుతుంది, నాన్నకి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) 3.1 ఉన్నప్పుడు అలాగే వచ్చింది. జబ్బు ఎంత మొండిదో ఫిష్ టెస్టులో, అంటే క్యాన్సర్ కణాల క్రోమోజోమ్‌లని చూసే పరీక్షలో ఎక్కువ తెలుస్తుంది, 17పి డిలీషన్ (17వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క పోవడం) లాంటివి అందులోనే చూస్తారు. మారో తీసినప్పుడు పంపారో లేదో ఇవాళే అడగండి.

ఎముకల్లో కనిపిస్తుంది గానీ ఇది రక్త క్యాన్సరే. ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల్లో ఒకటి అదుపు తప్పి, తనలాంటివే పుట్టించుకుంటూ, పనికిరాని ఒకే రకం ప్రోటీన్‌ని రక్తంలోకి వదులుతుంటుంది. మీ రిపోర్టులో ఎం స్పైక్ 3.8 అని ఉన్నది అదే. దీంతో ఎముకలు గుల్లబారతాయి, క్యాల్షియం పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది, కిడ్నీలు పాడవుతాయి. చాలామందికి మొదట తెలిసేది మాత్రం నడుంనొప్పే.

నాన్న వడ్ల బస్తా ఎత్తబోయి కూలబడ్డారు. ఐదు నెలలు బెల్టు, నొప్పి మాత్రలు, ఆ మాత్రలు కిడ్నీలని ఇంకా దెబ్బతీశాయి. జబ్బు బయటపడ్డాక పాత కాగితాలు తిరగేస్తే నాలుగు నెలల కిందటి లివర్ టెస్టు దొరికింది: టోటల్ ప్రోటీన్ 10.2, ఆల్బుమిన్ 3.0, గ్లోబ్యులిన్ 7.2, పక్కన లావు అక్షరంతో ‘హెచ్’, అంటే ఎక్కువ అని. ఆ పనికిరాని ప్రోటీన్ ఈ గ్లోబ్యులిన్ లెక్కలోకే వస్తుంది. లివర్ బాగానే ఉందన్నారు, నేనూ సరే అనుకుని ఆ కాగితాన్ని స్కూటర్ డిక్కీలో పడేసి మర్చిపోయాను. అందరికీ ఇలా దొరకదులెండి, యాంటీబాడీలోని చిన్న ముక్కలు మాత్రమే తయారయ్యే లైట్ చెయిన్ రకంలో టోటల్ ప్రోటీన్ మామూలుగానే ఉండొచ్చు, ఫ్రీ లైట్ చెయిన్ టెస్టు చేస్తేనే తెలుస్తుంది.

మందులు: బోర్టెజోమిబ్ వారానికోసారి పొట్ట మీద ఇంజెక్షన్, లెనలిడోమైడ్ 28 రోజుల్లో 21 రోజులు, వారానికోసారి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. డెక్సా పడిన రాత్రి నాన్నకి నిద్ర ఉండేది కాదు, రెండింటికి లేచి బీరువా సర్దేవారు. షుగర్ కూడా పెరుగుతుంది, చూసుకోండి. అరికాళ్లు తిమ్మిరెక్కితే ఓర్చుకోకుండా వెంటనే చెప్పమనండి, డోసు మారుస్తారు. బోర్టెజోమిబ్ నడుస్తుండగా గ్రీన్ టీ వద్దు, మందు పని తగ్గుతుంది. లెనలిడోమైడ్ క్యాప్సూల్స్ కడుపుతో ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు, మా చెల్లికి ఆరో నెల అప్పుడు, డబ్బా అటకెక్కించాం. ఎముకలకి జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించే ముందు పళ్ల డాక్టర్‌కి చూపించండి, పీకాల్సిన పన్ను ఉంటే ముందే పీకించాలి.

ట్రాన్స్‌ప్లాంట్‌కి మామూలుగా ఎవరూ ఇవ్వక్కర్లేదు. నేనిస్తానంటే నేనిస్తానని మా బాబాయిలిద్దరూ గొడవపడ్డారు గానీ, రోగి స్టెమ్ సెల్సే (రక్తకణాల్ని పుట్టించే మూలకణాలు) మిషన్‌తో తీసి, మెల్ఫలాన్ అనే గట్టి మందిచ్చాక తిరిగి ఎక్కిస్తారు. ఆ మందు ఎక్కుతున్నంతసేపూ నాన్న నోట్లో ఐసు ముక్కలు పెట్టుకుని కూర్చున్నారు, నోరు పూయకుండా ఉండాలని. రక్తకణాలు పెరగడానికి పన్నెండు రోజులు పట్టింది, ఆ పన్నెండు రోజులూ మాకు కంటిమీద కునుకు లేదు.

పూర్తిగా పోతుందా అంటే, చాలామందికి పోదు, అణిగి ఉండి మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు వేరే మందులున్నాయి, డారాటుముమాబ్ లాంటివి, కొందరికి మొదట్లోనే ఇస్తున్నారు. నాన్న ఇప్పుడు జబ్బుని అణిచి ఉంచే మెయింటెనెన్స్ మాత్ర మీద ఉన్నారు, పొలానికి వెళ్తున్నారు, బస్తాలు మాత్రం ముట్టనివ్వం.

అమ్మ క్రియాటినిన్ ఎంతో మీరు రాయలేదు. అది పెట్టండి, అప్పుడు ఆ 3 సంగతి మాట్లాడుకుందాం.