వాచ్‌మన్ గోబీ నాలుగు రోజులుగా కనిపించట్లేదు, చనిపోయిందా?

ఉప్పునీటి ట్యాంకులో పసుపు వాచ్‌మన్ గోబీ అనే చేపని, దానితో ఒకే బొరియలో ఉండే పిస్టల్ రొయ్యని వదిలి నాలుగు రోజులైందని, రెండూ కనిపించట్లేదని ఒకరు అడిగారు. ట్యాంకుకి మూత లేకపోతే ముందు దాని వెనక నేల మీద వెతకండి, బెదిరితే ఈ చేప బయటికి దూకేస్తుంది. మూత ఉంటే లోపలే ఉంటుంది, కంగారు వద్దు. కొత్తచోట వారం పదిరోజులు దాక్కోవడం మామూలే. రాళ్లెత్తి మాత్రం వెతక్కండి, కట్టుకున్న బొరియ కూలిపోతుంది.

అసలు చూడాల్సింది రాళ్ల అడుగు. రాళ్లని ఇసుక మీద నిలబెట్టి ఉంటే అదే పెద్ద ప్రమాదం. రొయ్య అడుగున ఇసుక తోడేకొద్దీ రాయి ఒరిగి రెండింటినీ నలిపేస్తుంది. ముందు ట్యాంకు అడుగు గాజు మీద రాయి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక. 5 నుంచి 8 సెంటీమీటర్ల లోతు చాలు. ఒట్టి సన్న ఇసుకలో సొరంగం కప్పు నిలవదు, గవ్వముక్కలు, గులకలు కలపండి. రొయ్య వాటిని గోడకి పేర్చుకుంటుంది. ముక్కలు కావాలి కదా అని ఒడ్డు నుంచి పగడాలు మాత్రం ఏరుకు రావొద్దు. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయవి. అడగ్గానే పగడాలు సంచిలో వేసిచ్చేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

పగలు లైట్లు వెలిగాక పది నిమిషాలు కదలకుండా కూర్చోండి, రాత్రి రెండూ లోపలే ఉంటాయి. గోబీ బొరియ నోట్లో తల బయటపెట్టి కాపలా కాస్తుంది. వెనకే రొయ్య డెక్కలతో ఇసుక నెట్టుకుంటూ వస్తుంది. దానికి చూపు బాగా తక్కువ, అందుకే బయట ఉన్నంతసేపూ ఒక మీసం చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. పెద్ద చేప దగ్గరికొస్తే గోబీ తోక గబగబా ఆడిస్తుంది, మరుక్షణం రొయ్య లోపల. గాజు చిట్లినట్టు 'టక్'మని వినిపిస్తే రొయ్య బతికే ఉన్నట్టు. డెక్క మూసిన వేగానికి పుట్టిన బుడగ పేలే చప్పుడది.

ఇంకోటి, "ఇసుక శుభ్రం చేస్తుంది" అని చెప్పి వాచ్‌మన్ గోబీని అమ్ముతున్నారు. తప్పు. ఇసుక జల్లించేది డైమండ్ గోబీ, ఇది వేరే జాతి. ఆ మాట నమ్మి మేత వేయకపోతే కడుపు లోపలికి పోయి చచ్చిపోతుంది. పంపు ఐదు నిమిషాలు ఆపి, గడ్డకట్టించి అమ్మే మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత)ని కరిగించి పొడవాటి పిపెట్‌తో బొరియ నోటి దగ్గర రోజుకి రెండుసార్లు వదలండి. చేపకి జబ్బొస్తే రాగి మందు ఈ ట్యాంకులో పోయకండి, రొయ్య చచ్చిపోతుంది. చేపనే వేరే తొట్టిలోకి మార్చి వైద్యం చేయండి.