వేలంలో పాడి, ‘చందాయే కదా’ అంటే చెల్లుతుందా?

సందేహం: మాది గుంటూరు. మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం సొసైటీగా రిజిస్టరైంది. పేద పిల్లల కాలేజీ ఫీజుల కోసం గత నెల బ్రాడీపేటలో హాలు తీసుకుని వేలం పెట్టాం. ఒక పాత గ్రామఫోను 5 వేలతో మొదలై 48 వేలకు పోయింది. పాట పెరగాలని మా కార్యదర్శి కూడా మధ్యలో రెండుసార్లు పాడారు. పాడుకున్నాయన ఫొటో దిగి వెళ్లి, ‘ఏదో ఊపులో అన్నాను, చందాయే కదా, 10 వేలిస్తా’ అంటున్నారు. కేసు వేయవచ్చా? మంగళగిరి చీర 25 వేలకు పాడుకున్న ఆవిడ 80జి రసీదు (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించేది) అడుగుతున్నారు. వచ్చే ఏడాది అమెరికాలో ఉన్న మావాళ్లు ఫోన్లో పాడతామంటున్నారు, లక్కీ డ్రా కూడా పెట్టాలనుకుంటున్నాం. ఇబ్బందులేమైనా ఉంటాయా?

సమాధానం: ఆయన చందా అంటున్నారు గానీ అది చందా కాదు, కొనుగోలు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, వేలం వేసేవారు సుత్తి కొట్టో, అలవాటైన మరో పద్ధతిలోనో పాట ముగిసిందని ప్రకటించగానే అమ్మకం పూర్తయినట్టే. మన దగ్గర సుత్తి ఎవరు కొడతారు! ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అంటే చాలు. ఆ మూడోసారి అనేలోపు ‘నాకొద్దు లెండి’ అని ఉంటే ఆయన్ని ఎవరూ ఏమీ అనలేరు. తర్వాత ఆ వీలు లేదు.

పోనీ చందాయే అనుకున్నా ప్రతిసారీ తప్పించుకోలేరు. హౌరాలో టౌన్ హాలు కట్టడానికి ఒకాయన 100 రూపాయల చందా రాశాడు. ఆ చందాల పట్టీని నమ్ముకుని కాంట్రాక్టరుకు పని అప్పజెప్పాక ఇవ్వనన్నాడు. ఇవ్వాల్సిందేనని 1886లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పింది. మసీదు మరమ్మతుకు 500 ఇస్తానన్న మనిషి కేసు 1914లో అలహాబాద్ హైకోర్టుకు వచ్చింది. అక్కడ ఆ మాట నమ్మి ఎవరూ పని మొదలుపెట్టలేదు గనక వసూలు చేయడానికి వీల్లేదన్నారు.

ఇంతవరకూ మీ పక్షమే బలంగా ఉంది. చిక్కంతా మీరు మాటవరసకు రాసేసిన ఒక్క ముక్కలో ఉంది: ‘పాట పెరగాలని మా కార్యదర్శి కూడా...’

అమ్మేవారు తామూ పాడతామని ముందే అందరికీ చెప్పి ఉండకపోతే, తాము పాడటం గానీ మనిషిని పెట్టి పాడించడం గానీ చట్టవిరుద్ధమని అదే 64వ సెక్షన్ చెబుతోంది. రేటు పెంచడానికి ఉత్తుత్తి పాట పాడితే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారిదే. డబ్బు పిల్లల ఫీజులకే కదా అంటే కుదరదు, ఆ సెక్షన్‌లో మంచి పనులకు మినహాయింపేమీ లేదు. కార్యదర్శి నిజంగా గ్రామఫోను మీద మోజుతో, సొంత డబ్బుతో కొనుక్కుందామనే పాడారని వాదించవచ్చు. కానీ బోనులో నిలబెట్టి క్రాస్ చేసేటప్పుడు మొదటి ప్రశ్న అదే పడుతుంది. అవతలి వకీలు నేనైతే అక్కడే మొదలుపెడతాను.

కాబట్టి కేసు వద్దు. హాల్లో వీడియో తీసి ఉంటారు కదా, చూడండి. కార్యదర్శి మొదటిసారి నోరు విప్పేముందు పాట ఎక్కడుంది? 22 వేల దగ్గరుందనుకోండి, ఆ రేటుకే ఇస్తామని ఆయనకు చెప్పండి. పెద్దమనిషిగా ఒప్పుకోవచ్చు. కాదంటే ఆయనతో పోటీపడ్డ రెండో మనిషిని అడగండి. అడగడమే, బలవంతం లేదు. పైపాట పడగానే ఆయన పాట పోయింది.

వచ్చే ఏడాది ఇలాంటి దొంగపాటల అవసరమే ఉండదు. ఇంత కంటే తక్కువకు ఇవ్వబోమని ప్రతి వస్తువుకూ సర్కారు పాట కాగితం మీద ముందే వేయండి, చట్టం దానికి ఒప్పుకుంటుంది. పాడేవాళ్ల చేత లోపలికి వచ్చేటప్పుడే నిబంధనల కాగితం మీద సంతకం, కొంత డిపాజిట్టు తీసుకోండి. డబ్బు పడ్డాకే వస్తువు చేతికివ్వండి. ఒకరి దగ్గర 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు పుచ్చుకోవద్దు.

చీర సంగతి. గ్రామఫోను కేసులో అమ్మకం అని, ఇక్కడ విరాళం అని రెండు నాలుకలతో మాట్లాడలేం. 25 వేలకు ఆవిడకు చీర వచ్చింది, అది ధర. విరాళం రసీదు ఇవ్వకండి, వస్తువు పేరు రాసి బిల్లు ఇవ్వండి. అసలు సొసైటీ రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన 80జి రాదు, ఆదాయపు పన్ను శాఖ అనుమతి విడిగా ఉండాలి. అది ఉన్నా, 2 వేలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. ఆవిడ కొత్త పన్ను విధానంలో ఉంటే 80జి రసీదుతో ఆవిడకు పనే లేదు. ఈ ముక్క చెబితే ఊరుకుంటారేమో!

అమెరికావాళ్ల విషయంలో ముందు అడగాల్సింది పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తున్నవారు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, భారత మూలాలున్నవారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, మీ క్లాస్‌మేటే అయినా, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం దృష్టిలో విదేశీయులే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా వాళ్ల డబ్బు తీసుకోకండి. ‘వస్తువు ఇచ్చాం కదా’ అనే వాదన ఉంది గానీ, వ్యాపారం చేయని సంఘం దాన్ని పట్టుకుని వేలాడటం నాకైతే ఇష్టం లేదు.

లక్కీ డ్రా వద్దు. టికెట్ అమ్మి చీటీ తీస్తే అది లాటరీ. ప్రభుత్వ అనుమతి లేకుండా నడిపితే భారతీయ న్యాయ సంహితలో 6 నెలల దాకా జైలు శిక్ష ఉంది. ఎవరైనా తాతలనాటి దుప్పి కొమ్ములు, పులిగోరు లాకెట్టు వేలానికి ఇస్తామంటే దండం పెట్టి వెనక్కి పంపండి, వన్యప్రాణి చట్టం కేసవుతుంది.

ఇంకొక్కటి. ఆ గ్రామఫోను సంఘానికి ఇచ్చినాయన దగ్గర చిన్న కాగితమైనా రాయించుకున్నారా? వస్తువు చేతికిచ్చేశారు గనక దానం చెల్లుతుంది, కాగితం తప్పనిసరి కాదు. అయినా 48 వేలు పలికిందని వాళ్లబ్బాయికి తెలిసేలోపు రాయించుకోండి.